గార్డు డబ్బా

మా మనవరాలు పదకొండు రోజులుగా హాలు నిండా గుడ్డలు పరుచుకుని కూర్చుంది. సోఫా మీద గుడ్డలు, అన్నం తినే బల్ల మీద గుడ్డలు, చివరికి ఫ్రిజ్ తలుపుకు కూడా గుడ్డలు. అన్నీ కొత్తవే. మీటర్ల లెక్కన కొనుక్కొచ్చి, కత్తెరతో ముక్కలు చేసి, మళ్ళీ ఆ ముక్కలనే అతుకుతుందట. దానికి ఆర్ట్ క్విల్ట్ అని పేరు. గోడకు తగిలిస్తారట. కప్పుకోరట.

"కొత్త గుడ్డను చీరి మల్ల అతుకుడేందే? కప్పుకోని బొంత ఎవలికి?" అన్నాను. గుడ్డ వృథా చేస్తే నేను చూడలేను.

"అమ్మమ్మా, జర సేపు ఊకో. అసలే నాకు ఇన్స్పిరేషన్ వస్తలేదు."

"ఏడికెళ్ళి రావాలె అది? కాజీపేట దాక వచ్చి ఆగిందా?"

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. హైదరాబాదులో ప్రదర్శన ఉంది, నెల తిరిగేలోపు ఒకటి కుట్టి పంపాలి. పంపకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఏం కుట్టాలో తోచదు. ఫోన్‌లో ఎక్కడెక్కడివో బొమ్మలు చూపించి, "ఇదే జర మార్చి కుట్టేస్త" అంది.

"ఒకలు కుట్టింది చూసి కుట్టి నాదే అని చెప్తవా? దానికంటే మసిగుడ్డ కుట్టు. అదన్న నీదయితది."

"మరి మీ కాలంల ఎట్ల పుట్టేది అమ్మమ్మా, డిజైను? మీ ఇంట్ల బొంతలు కుట్టేటోళ్ళంటవు గదా. ఒక్కటన్న ఉన్నదా నీ దగ్గర?"

"లేదు" అన్నాను.

అబద్ధం. నా సందూకు అడుగున, పెళ్ళినాటి ఇత్తడి చెంబు కింద, ఒక మూట ఉంది. అరవై ఏళ్ళు దాటింది దాన్ని విప్పక. హనుమకొండ నుంచి కాజీపేటకు, కాజీపేట నుంచి ఈ మడికొండ ఫ్లాటుకు ఇల్లు మారిన ప్రతిసారీ మోసుకొచ్చానే కానీ ముడి విప్పలేదు. ఆ మూటలో ఏముందో నాకు తెలుసు అనుకునేదాన్ని.

*

అప్పుడు నాకు పదేళ్ళు, చెల్లెకు ఆరు. వరంగల్ పాత బజారు వెనక సందులో పెంకుటిల్లు. బాపు బట్టల దుకాణంలో పనిచేసేవాడు. గజం కట్టెతో కొలిచి, పంటితో కొరికి, చర్రుమని చింపడం ఆయన పని. సాయంత్రం ఇంటికి వస్తే మీసాల మీద కూడా నూలు పొట్టు ఉండేది. ఆయన అంగీ నుంచి వచ్చే కొత్తగుడ్డ గంజి వాసన కోసం నేనూ చెల్లే గడపలోనే అతుక్కుపోయేవాళ్ళం. మిరపకాయల కాలం వస్తే బండ్ల నుంచి లేచే ఘాటుకు సందు సందంతా తుమ్మేది. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, తుమ్ములను కూడా శకునాలుగా లెక్కపెట్టేది.

బొంతలు కుట్టేది ఎండాకాలంలోనే. తొలివాన పడేలోపు ముగించాలని బాపమ్మ పట్టు. ఏడాది పొడుగునా దాచిన చినుగు చీరలు, ధోతులు, అంగీలు బూడిద నీళ్ళలో ఉడకేసి, ఎండేసి, ఒకరోజు అరుగు మీద పరిచేది. ఆ రోజు సూది ముట్టేది కాదు. పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా ఊరికే చూసేది. నోట్లో వక్క, చేతిలో విసనకర్ర.

"బాపమ్మా, ఏం జూస్తానవ్?"

"ఏది దేని పక్కపొంటి కూసుంటనంటదో చూస్తాన. పెండ్లిల బంతి లెక్కనే ఇది. పడనోళ్ళను పక్కపక్క కూసోబెడితే తిన్నది అరుగది."

డిజైను అన్న మాట ఆమెకు తెలియదు. పెంకుల సందుల నుంచి ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడితే ఆ చుక్కలే ఆ ఏటి బొంత. ఒకసారి మార్కెట్లో మిర్చి, పసుపుకొమ్ములు, మక్కలు పక్కపక్కనే ఆరబోసి ఉండగా చూసొచ్చింది. ఆ ఏడు ఎర్రది, పచ్చది, తెల్లది. వక్క ఉమ్మేసి, "కండ్లు పెట్టుకొని ఎతుకుడేందే, కండ్ల ముంగటే పెట్టిండు గదా" అనేది. ఆమె లోపలికి పోగానే నేనొక ముక్క తీసి ఇంకోచోట పెట్టేదాన్ని. తిరిగి వచ్చి కూర్చోకముందే నా నెత్తి మీద ఒకటి పడేది.

ఆమె పద్ధతులు రెండు చెప్పాలి. అవి చెప్పకపోతే నా కథ తెలియదు.

మా ఇంట్లో బొంతను అంచు మూల నుంచి మొదలుపెట్టి, శంఖంలాగ చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోతారు. చిట్టచివర నడిమి ముక్క. దాన్ని బొడ్డు అంటారు. ఆ బొంత ఎవరు కప్పుకుంటారో, వాళ్ళు తొడిగిన బట్టదే బొడ్డు పెట్టాలి. బొడ్డు పెట్టని బొంతను కప్పుకోకూడదు. అది ఒకటి. రెండోది, పోయినవాళ్ళ బట్ట బొంతలో కలపకూడదు. చావు జరిగిన ఇంట్లో వాళ్ళ గుడ్డలన్నీ మూటగట్టి చాకలవ్వకు ఇచ్చేయాలి. ఒక్క పోగు కూడా ఇంట్లో మిగలకూడదు.

మా అమ్మను బొంత మీద చెయ్యి వేయనిచ్చేది కాదు బాపమ్మ. అమ్మది పుర్రచెయ్యి. మా కుట్లు ఎడమకు వాలితే అమ్మ కుట్లు కుడికి వాలేవి. "ఎదురు నడిచే కుట్టు ఇంటికి మంచిది గాదు" అనేది బాపమ్మ. అమ్మ సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. ముక్కలు విడదీసేది. మధ్యమధ్యలో లేచి అందరికీ సర్వప్ప కాల్చి పెట్టేది. గిన్నె అడుగుకు అంటిన బియ్యప్పిండి ఎర్రగా కాలి, నువ్వుల వాసన అరుగు దాకా వచ్చేది. మాడిన చుట్టంచు కోసం నేనూ చెల్లే కొట్టుకునేవాళ్ళం. అమ్మ నోటికి ఎప్పుడు ఏం పోయేదో నేను చూడలేదు.

*

చెల్లెకు రైలు పిచ్చి. కాజీపేటలో మా మేనమామ ఇంటికి పోతే పట్టాల పక్కన గట్టు మీద కూర్చుని కదిలేది కాదు. బొగ్గు పొగ కళ్ళలో పడి నీళ్ళు కారుతున్నా డబ్బాలు లెక్కపెట్టేది. దానికి పది దాకే వచ్చు, పదకొండో డబ్బా నుంచి మళ్ళీ ఒకటి. మాలుగాడీ చివర గార్డు పచ్చజెండా ఊపుతూ పోతే లేచి నిలబడి చేతులు రెండూ ఊపేది. గార్డు డబ్బా దాటిపోగానే ఏడుపు.

"అయిపాయెనా అక్కా?"

"అయిపోయింది. గార్డు పోయినంక ఇంకేముంటది?"

ఆ ఎండాకాలం నాకు మొదటిసారి సొంతంగా బొంత కుట్టమని బాపమ్మ అనుమతి ఇచ్చింది. చిన్నది, చెల్లె కప్పుకునేంత. అడుగున బాపు పాత ధోతి మడతలేసి, పైన ముక్కలు వేసి కుట్టాలి. నేనూ ఒకరోజంతా విసనకర్ర పట్టుకుని గుడ్డల ముందు కూర్చున్నాను. ఏమీ తోచలేదు. పక్కన చెల్లె చింతగింజలు వరుసగా పేర్చుకుంటూ నోటితో కూత పెడుతోంది. కండ్ల ముందరే ఉంది.

"నీకు రైలు బొంత కుడతనే" అన్నాను.

మూలన ఇంజను. అక్కడి నుంచి ఒక్కో డబ్బా ఒక్కో మనిషి బట్ట. చుట్టూ తిరిగి తిరిగి లోపలికి పోయి, నట్టనడుమ గార్డు డబ్బా. గార్డు డబ్బా చెల్లెది.

ఇంజనుకు బాపు కోటుగుడ్డ ముక్క, నల్లది, తెచ్చిచ్చాడు. రెండో డబ్బా అమ్మకని పెట్టుకున్నాను. అమ్మకు ఉన్నవి రెండు చీరలు. కట్టిందొకటి, దండెం మీద ఒకటి.

"ఇది ఇంక ఏడాది వస్తది బిడ్డా. చిరిగినంక నా డబ్బ పెట్టు, నేనేడికి పోత?" అంది.

ఆ జాగా తెల్లగా వదిలేసి ముందుకు పోయాను. బాపమ్మ గొణిగింది, కానీ ఊరుకుంది. మూడో డబ్బా బాపమ్మది. అడిగితే ఇవ్వదని ఆమె మంచి చీర లోపలి కొంగు నుంచి జానెడు కత్తిరించాను. మూడో రోజు చీర కట్టుకుంటుంటే బయటపడింది. వీపు మోగింది. తర్వాత ఆ ముక్కను ఎత్తి వెలుగులో చూసి, "కోసినంక ఏం జేస్తం. అంచు పైకి పెట్టి కుట్టు, కిటికీ లెక్కుంటది" అంది.

చెల్లె మాత్రం తన లంగా ఇవ్వలేదు. పసుపుపచ్చది, నల్ల చుక్కలది, బాపు దుకాణంలో థాను చివర మిగిలిన గుడ్డతో కుట్టించినది. ఉతికిన రోజు దండెం కిందే కూర్చుని ఆరేదాకా కాపలా కాసేది.

"చిరిగినంక ఇస్త" అంది, అచ్చం అమ్మలాగా.

*

ఆరో డబ్బా దగ్గర ఉండగా చెల్లెకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఒళ్ళంతా తల్లి పోసింది, మశూచి.

ఇప్పటి పిల్లలకు ఆ రోజులు తెలియవు. గుమ్మానికి వేపమండలు కట్టారు. చెల్లెను నడిమింట్లో వేపాకు పరిచి పడుకోబెట్టారు. అమ్మ ఒక్కతే లోపల. బాపమ్మ ఇంటికి కట్టడి చెప్పింది. పోపు వేయకూడదు, నూనె ముట్టకూడదు, ఆడవాళ్ళు తల దువ్వకూడదు, సూది పట్టకూడదు. "ముత్యాల మీద తల్లి ఆడుతాంది. ఇంట్ల సూది ఆడితే ఒక్కో పోటు పిల్ల ఒంట్ల దిగుతది" అంది. ఇంట్లోని సూదులన్నీ ఏరి, డబ్బీలో వేసి, పోచమ్మ పటం వెనక పెట్టింది. రోజూ పొద్దున్నే పోచమ్మ గుడికి పోయి, వేపాకు వేసిన పసుపునీళ్ళు సాక పోసి వచ్చేది.

ఒక సూది నా దగ్గర మిగిలింది. పావడా నాడాలో గుచ్చుకుని ఉంది. ఇచ్చేద్దామనే లేచాను.

నడిమింటి కిటికీకి కట్టెచువ్వలు. అందులోంచి తొంగి చూస్తే, అమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. చెల్లె తల అమ్మ తొడ మీద. మొహం గుర్తుపట్టేటట్టు లేదు. కళ్ళు మాత్రం నన్ను చూశాయి.

"అక్కా, ఎన్ని డబ్బాలైనయే?"

"ఆరు."

"గంతేనా?"

ఆ గంతేనాకు నేను తట్టుకోలేకపోయాను. సూది ఇవ్వలేదు.

బాపమ్మ గుడికి పోయినప్పుడు అటుక మీదికి ఎక్కి కుట్టేదాన్ని. పైన పెంకుల వేడి, ఎలుకల వాసన, చింతపండు కుండల పులుపు. భయానికి సూది జారేది. వేలిలో గుచ్చుకుంటే, చెల్లె ఒంట్లో దిగలేదు నా ఒంట్లోనే దిగింది కదా అని సంతోషపడేదాన్ని. దిగి వచ్చి, అమ్మ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు చూసి, కిటికీ దగ్గర గుసగుసగా చెప్పేదాన్ని.

"తొమ్మిది."

"నా డబ్బకు ఇంకెన్ని?"

"ఇంక ఏడు."

"జల్ది కుట్టవే."

మర్నాడు ఇంక నాలుగు. ఆ తర్వాతి రోజు రెండు. లెక్క తగ్గుతున్నకొద్దీ చెల్లె మొహంలో ఏదో కదిలేది. మూతి పగిలి ఉంది, అయినా నవ్వే ప్రయత్నం చేసేది. మిగతా రోజంతా అది ఎవరికీ పలికేది కాదట. బాపు గుమ్మం దగ్గర నిలబడి పిలిచినా పలికేది కాదు. నాకు మాత్రం పలికేది. నా సూదితోనే అది బాగవుతోందని కూడా అనుకున్నాను.

ఏడోరోజు మధ్యాహ్నం చెప్పాను, "అన్ని అయిపోయినయే. ఇంక నీ గార్డు డబ్బనే."

పగిలిన మూతిని నాలుకతో తడుపుకుంది. తర్వాత, "గార్డు డబ్బ పెడితే రైలు పోతది గదా అక్కా" అంది.

"బొంతల రైలు యాడికి పోతదే? ఈడనే ఉంటది."

"అయితే పెట్టు. నా లంగ తీస్కో. దండెం మీదుంది. చిరగకున్నా తీస్కో."

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నేను దండెం దగ్గరికి పరుగెత్తాను. అక్కడ బాపమ్మ నిలబడి ఉంది, తడిచీర పిండుతూ. ఏంది అన్నట్టు చూసింది. ఏం లేదన్నాను. రేపు తీసుకుందాంలే అనుకున్నాను.

మర్నాడు పాలు పోసే ఆమె వచ్చే వేళకు చెల్లె లేదు.

*

చాకలవ్వ వచ్చింది. చాప, చెల్లె కప్పుకున్న పాత బొంత, దాని గుడ్డలు మూటగట్టి ఇచ్చారు. ఆ మూటలో పసుపుపచ్చ రంగు కనబడుతుందేమోనని సందు చివరిదాకా వెనకే నడిచాను. కనబడలేదు. అడుగున ఉంటుందనుకున్నాను.

ఆ సాయంత్రం బాపమ్మ అందరినీ కూర్చోబెట్టింది. ఏడవలేదు ఆమె.

"ఇంట్ల తప్పు జరిగింది. జరగందే తల్లి పిల్లను తీస్కపోదు. ఎవలు పోపు పెట్టిండ్లు? ఎవలు తల దువ్విండ్లు? ఎవలు సూది ముట్టిండ్లు? ఇప్పుడే చెప్పుండ్లి."

 నాడాలో సూది గుచ్చుకునే ఉంది. నోరు తెరిచానో లేదో నాకు గుర్తు లేదు.

"నేనే అత్తమ్మా" అంది అమ్మ. "దురద ఆగక తల దువ్వుకున్న."

బాపు తల వంచుకున్నాడు. బాపమ్మ అమ్మను తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత పదహారేళ్ళు బతికింది బాపమ్మ. ఆ పదహారేళ్ళూ అమ్మ చేతిలో దువ్వెన కనబడినప్పుడల్లా, గోడతో చెప్పినట్టు, "దువ్వుకుంటాంది మా కోడలు" అనేది. అంతే, ఇంకో మాట లేదు. అమ్మ తలుపు చాటున దువ్వుకోవడం నేర్చుకుంది. తర్వాత తర్వాత వేళ్ళతోనే సర్దుకుని ముడి వేసుకునేది. మా బాపు కూడా అమ్మతో మునుపటిలాగా మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

నేనేం చేశాను? నమ్మాను. పదేళ్ళ పిల్లకు అది ఎంత సుఖమో చెప్పలేను. తప్పు నా ఒక్కదానిదే కాదు, అమ్మ కూడా చేసింది. సగం సగం. పడుకునే ముందు ఆ సగాన్ని తలుచుకుని నిద్రపోయేదాన్ని.

బడికి మళ్ళీ పోలేదు. మూడో తరగతితో ఆగింది. బొంతను, మిగిలిన గుడ్డల్లో చుట్టి, అటుక మూలన పడేశాను.

పెళ్ళయి అత్తగారింటికి పోయే రోజు ఎందుకో అటుక ఎక్కి ఆ మూట దించాను. చేసిన తప్పును పుట్టింట్లో వదిలిపోతే అక్కడ ఇంకేమవుతుందోనని భయం కావచ్చు. సందూకులో అడుగున పెడుతుంటే వెనక అమ్మ నిలబడి ఉంది.

"అది గూడ తీస్కపోతవా?"

"పాత గుడ్డలమ్మా. పనికొస్తయని."

అమ్మ కాసేపు ఆ మూటనే చూసింది. "తీస్కపో బిడ్డా. పారెయ్యకు" అంది.

పొదుపు మనిషి కదా, గుడ్డ పారేయద్దంటోంది అనుకున్నాను.

ఆ తర్వాత నేను నా జీవితంలో బొంతలు ఎన్ని కుట్టానో. పిల్లలకు, ఆడబిడ్డల పిల్లలకు. బూడిదరంగు, గోధుమరంగు, నలుచదరపు ముక్కలు. రైలు లేదు, ఎండచుక్కలు లేవు. నా బొంతలు చలి ఆపుతాయి, అంతే. గట్టిగా ఉంటాయని పేరు. నేనూ అంతేనని పేరు.

*

మొన్న మధ్యాహ్నం మనవరాలు గుడ్డలన్నీ సంచుల్లో కుక్కుతూ, "పంపను అమ్మమ్మా. నా దగ్గర ఏం లేదు. లోపల ఖాళీగున్నది" అంది. వాళ్ళమ్మ ఆఫీసుకు పోయింది. ఇంట్లో మేమిద్దరమే. కాజీపేట వైపు రైలు కూత వినబడింది. ఇక్కడికి రోజూ వినబడుతుంది. నేను విననట్టు ఉంటాను.

పిల్ల మొహం అట్లా చూస్తే, గంతేనా అన్న గొంతు వినబడింది.

"సందూకు గుంజు" అన్నాను.

చెంబు తీసి, మూట హాలులోకి తెచ్చి, ముడి విప్పమన్నాను. నా వేళ్ళకు పట్టు లేదు. పిల్ల ముడి విప్పుతుండగా చెప్పడం మొదలుపెట్టాను, రైలు సంగతి, సూది సంగతి. నడుమ ఖాళీ ఉంటది, చూడు, బొడ్డు లేని బొంత అది, నేను పెట్టకముందే పిల్ల పోయింది అని చెప్తున్నాను.

మనవరాలు బొంత పరిచింది. నల్ల ఇంజను. వంకరటింకర డబ్బాలు. బాపమ్మ చీర అంచు కిటికీలాగ.

"ఖాళీ ఏది అమ్మమ్మా?"

నట్టనడుమ పసుపుపచ్చ. నల్ల చుక్కలు. రవ్వంత కూడా వెలిసిపోలేదు, ఎండ తగలలేదు కదా.

నేను అద్దాలు తుడుచుకుని వంగాను. నా కుట్లు వెతుకుతున్నానో ఏమో. చుట్టూ సన్నటి కుట్లు, ఒకదానికొకటి ముట్టేంత దగ్గరగా. అన్నీ కుడికి వాలి ఉన్నాయి.

మా ఇంట్లో కుడికి వాలే కుట్టు ఒక్కరిదే. చనిపోయిన బిడ్డ లంగాను మూటలోకి పోనీయకుండా దాచి, ఎప్పుడో ఒకనాడు అటుక ఎక్కి, అత్త ముట్టనీయని బొంతకు బొడ్డు పెట్టింది. ఆమె జన్మలో కుట్టిన బొంతముక్క అదొక్కటే.

"అంటే మీ అమ్మకు తెలుసు" అంది మనవరాలు. "ఎప్పటి సంది?"

ఎప్పటి నుంచి. కిటికీ దగ్గర నేను గుసగుసలాడుతుంటే చెల్లె తల ఎవరి తొడ మీద ఉంది? కళ్ళు మూసుకున్న మనిషి నిద్రపోయినట్టేనా? ఆరు నుంచి చివరిదాకా ప్రతి లెక్కా విన్నది. ఆపలేదు. నాకు పలికినట్టు అది ఇంకెవరికీ పలకడం లేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడుందో ఆ గుర్తు. పదకొండో రోజు తలంటు పోసేటప్పుడు అమ్మ జుట్టు విడదీయలేకపోయారు. జడలు కట్టిపోయింది. పక్కింటామె కొబ్బరినూనె పోసి పోసి, ఇక కుదరక, కత్తెరతో ముద్దలు ముద్దలుగా కత్తిరించింది. అవి బావి గట్టు మీద పడి ఉంటే నేను చూశాను. ఒక్కనాడైనా దువ్వెన తగిలిన జుట్టు అట్లా కట్టదు.

అమ్మ తల దువ్వుకోలేదు.

మనవరాలు నా పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, అది వైరస్. నీ సూదికి, దానికి ఏం సంబంధం లేదు" అంది.

"నాకు తెలుసు" అన్నాను. దవాఖానలకు తిరిగినదాన్ని, నా పిల్లలకు టీకాలు వేయించినదాన్ని. తెలుసు. తెలిసి ఏం చేస్తాం? సూది మాట కాదు ఇప్పుడు. పదహారేళ్ళు తలుపు చాటున నిలబడిన మనిషి మాట. నేను ఎప్పుడైనా ఒక్కసారి, అమ్మా నువ్వు నిజంగా దువ్వుకున్నవా అని అడిగి ఉంటే. ఆమె ఎప్పుడైనా, నాకు తెలుసు బిడ్డా అని ఉంటే. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం చెరొక కొస పట్టుకుని కూర్చున్నాం. నా మీద ప్రేమతో దాచిందో, నా మొహం చూసినప్పుడల్లా కడుపు మండినా దాచిందో, నాకు తెలియదు. పారెయ్యకు అన్నదొక్కటే నాకు చెప్పింది.

మనవరాలి వేలు ఇంజను పక్కకు వచ్చి ఆగింది. నల్ల ఇంజనుకు, బాపమ్మ డబ్బాకు నడుమ ధోతి తెల్లగా కనబడుతోంది, అరచెయ్యంత.

"ఇదేంది? ఇక్కడ ఒకటి వదిలిపెట్టినవ్?"

"మా అమ్మది. చీర చిరిగినంక ఇస్తనన్నది."

నడుమ చెల్లె ముక్క పెట్టిన మనిషి, తనది పెట్టుకోలేదు.

"పెడుదామా అమ్మమ్మా, ఇప్పుడు? మీ అమ్మ చీర ముక్క ఏదన్న ఉన్నదా?"

అమ్మ పోయినప్పుడు దగ్గర ఉన్నది నేనే. పద్ధతి తప్పకూడదని, ఒక్క పోగు మిగలకుండా ఆమె చీరలన్నీ నా చేతులతోనే మడతపెట్టాను. నాలుగే ఉన్నాయి. ఒకటి అంచు దగ్గర బాగా చిరిగి ఉంది. పనికిరాదులే అని దాన్ని కూడా వేసి, నేనే ముడి బిగించి, చాకలవ్వ కోడలి చేతికి ఇచ్చాను.

"లేదు" అన్నాను. ఈసారి నిజం.

మనవరాలు చుట్టూ చూసింది. హాలు నిండా సంచులు, సంచుల నిండా కొత్త గుడ్డలు, ఎన్ని రంగులో. ఒకటి తీయబోయి, నా మొహం చూసి ఆగింది.  ఆ తెల్లటి జాగా పక్కన చెయ్యి ఆన్చి కూర్చుని, చాలాసేపు ఊరికే చూసింది, మా బాపమ్మ చూసినట్టు. పొద్దుగూకేదాకా సూది ముట్టలేదు.